పేజీలో మిరప, ప్రకటనలో చెప్పులు: సందర్భోచిత ప్రకటనలపై తరచుగా అడిగే ప్రశ్నలు

సొంతంగా తెలుగు సైటు నడుపుతూ, అందులో వచ్చే ప్రకటనలకూ రాసిన విషయానికీ పొంతన కుదరక తల పట్టుకుంటున్నవాళ్ల కోసం ఈ పేజీ. వంటలు, వ్యవసాయం, ఉద్యోగ సమాచారం, భక్తి, ఊరి వార్తలు... మీ సైటు దేని గురించైనా సరే. ప్రకటనల వ్యవస్థ అన్నచోటల్లా గూగుల్ యాడ్‌సెన్స్‌నే దృష్టిలో పెట్టుకున్నాం, మనలో చాలామంది మొదలుపెట్టేది దానితోనే కాబట్టి. ఉదాహరణకు మాత్రం ఎక్కువగా మిరప సాగు గురించి రాసే సైటునే తీసుకున్నాం. ముందే ఒక మాట: ఈ సమస్యకు పరిష్కారం ప్రకటనల సెట్టింగుల్లో దొరికేది తక్కువ, మీరు రాసిన పేజీలో దొరికేది ఎక్కువ.

సందర్భోచిత ప్రకటన అంటే ఏమిటి?

చదివేవాళ్లు ఎవరు, నిన్న ఏం కొన్నారు అన్నదానితో పని లేకుండా, ఇప్పుడు తెరిచిన పేజీలో ఏముందో చూసి దానికి తగ్గట్టు వేసే ప్రకటన. మిరప పురుగు గురించి చదువుతున్న రైతుకు స్ప్రేయరో, డ్రిప్ పైపులో, విత్తనాల కంపెనీయో కనిపిస్తే అది సందర్భోచితం. పత్రికల్లో వ్యవసాయ పేజీ కింద ట్రాక్టర్ ప్రకటన వేసే పద్ధతి పాతదే. ఇక్కడ పేజీ చదివి నిర్ణయం తీసుకునేది మనిషి కాదు, యంత్రం. అంతే తేడా.

ఆన్‌లైన్‌లో ఇది 2003లో ఊపందుకుంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో గూగుల్ 'అప్లైడ్ సెమాంటిక్స్' అనే కంపెనీని కొన్నది. పేజీలోని మాటల అర్థాన్ని పట్టుకుని దానికి ప్రకటన జత చేయడంలో ఆ కంపెనీది అందె వేసిన చెయ్యి. యాడ్‌సెన్స్ అన్న పేరు కూడా వాళ్ల దగ్గరినుంచి వచ్చిందే.

మరి మిరప పేజీలో నాకు చెప్పుల ప్రకటన ఎందుకు వస్తోంది?

నిన్నో మొన్ననో మీరు ఏదో షాపింగ్ సైట్లో చెప్పులు చూసి ఉంటారు. అది మీ పేజీని చూసి వచ్చింది కాదు, మీ వెంట పడి వచ్చింది. వీటిని వ్యక్తిగత ప్రకటనలు అంటారు. చదివేవాళ్ల ఆసక్తులను బట్టి వచ్చే ప్రకటనలను గూగుల్ 2009లోనే యాడ్‌సెన్స్ సైట్లలోకి తెచ్చింది. అందుకే ఒకే పేజీలో, ఒకే చోట మీకు చెప్పులు, మీ పక్కింటాయనకు ఇంటి రుణం, గుంటూరులో రైతుకు డ్రిప్ పైపులు కనిపించవచ్చు.

కాబట్టి మీ ఫోన్లో మీకు కనిపించేదాన్ని బట్టి సైటు మీద తీర్పు చెప్పేయకండి. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, ఏ ఖాతాలోకీ లాగిన్ కాకుండా చూస్తే పేజీని బట్టి వచ్చే ప్రకటనలు కాస్త బయటపడతాయి. ప్రకటన మూలన ఉండే చిన్న గుర్తు నొక్కితే ఇది మీకెందుకు వచ్చిందో కొంత వివరం దొరుకుతుంది. ప్రకటన మీద మాత్రం, అది ఎంత ఊరిస్తున్నా, క్లిక్ చేయకండి. సొంత సైట్లో సొంత క్లిక్కులు ఖాతాకే ఎసరు పెడతాయి.

నా సైట్లో ఏ రకం ఎంత వస్తోందో తెలుసుకునే దారి ఉందా?

ఉంది, చాలామంది అటు తొంగి కూడా చూడరు. యాడ్‌సెన్స్ రిపోర్టుల్లో 'టార్గెటింగ్ టైప్' ప్రకారం లెక్కలు విడగొట్టుకోవచ్చు. పేజీ విషయాన్ని బట్టి వచ్చినవి, మనిషిని బట్టి వచ్చినవి, ప్రకటనదారు మీ సైటునే కోరి ఎంచుకున్నవి, ఏ లెక్కా లేకుండా నెట్‌వర్క్ అంతటా తిరిగేవి వేటికవే కనిపిస్తాయి.

మిగతా పనులన్నిటికంటే ముందు ఇది చూడండి. వ్యక్తిగత ప్రకటనలే సింహభాగం అయితే, పేజీలో ఎన్ని మార్పులు చేసినా వాటి మీద పడే ప్రభావం తక్కువ. నెట్‌వర్క్ అంతటా తిరిగే రకం ఎక్కువగా ఉంటే, ఆ పేజీ దేని గురించో యంత్రానికి అంతుపట్టక పోయి ఉండాలి, లేదా ఆ విషయం మీద డబ్బు పెట్టే ప్రకటనదారులే లేకపోయి ఉండాలి. మొదటిది మీ చేతిలో పని. రెండోది కాదు.

యంత్రం నా పేజీని అసలు ఎలా చదువుతుంది?

పేజీలను తనంతట తాను తెరిచి చదువుకుపోయే ప్రోగ్రామును క్రాలర్ అంటారు. గూగుల్ వెతుకులాట కోసం తిరిగే క్రాలర్ వేరు, ప్రకటనల కోసం వచ్చే క్రాలర్ వేరు. రెండోదాని పేరు మీడియాపార్ట్‌నర్స్-గూగుల్. ప్రకటన కోడ్ ఉన్న పేజీని ఎవరైనా తెరవగానే ఆ చిరునామా దానికి అందుతుంది, వచ్చి చదివి వెళుతుంది. కొత్త పేజీ వేసిన తొలి గంటల్లో సంబంధం లేని ప్రకటనలు వస్తే కంగారు పడనక్కర్లేదు. అది ఇంకా రాలేదన్నమాట. కొత్త సైటైతే ఒకటి రెండు రోజులు చూడండి.

ఆ తర్వాత కూడా పరిస్థితి అలాగే ఉంటే, దారిలో ఏదో అడ్డు ఉండొచ్చు. సైట్లో ఏ క్రాలర్ ఏ పేజీలు చూడొచ్చో చెప్పే రోబోట్స్ ఫైల్లో అన్ని క్రాలర్లకూ కలిపి నక్షత్రం గుర్తుతో పెట్టిన నిషేధాన్ని ఈ క్రాలర్ పట్టించుకోదు, పేరు పెట్టి ఆపితేనే ఆగుతుంది. అందువల్ల చాలాసార్లు దొంగ రోబోట్స్ ఫైలు కాదు. బాట్లను అడ్డుకోవడానికి పెట్టుకున్న సెక్యూరిటీ ప్లగిన్నో, హోస్టింగ్ వాళ్ల ఫైర్‌వాలో అయి ఉంటుంది. హోస్టింగ్ కంపెనీకి ఫోన్ చేసి ఈ క్రాలర్ పేరు చెప్పి అడగండి.

ఇంకో రెండు సంగతులు. లాగిన్ అయితేనే తెరుచుకునే పేజీలను క్రాలర్ చూడలేదు, వాటి కోసం యాడ్‌సెన్స్‌లో క్రాలర్‌కు లాగిన్ వివరాలు ఇచ్చే ఏర్పాటు వేరే ఉంది. చిరునామా చివర ప్రతి సందర్శకుడికీ ఒక కొత్త సెషన్ నంబరు తగిలించే పాత సాఫ్ట్‌వేర్ వాడుతుంటే, ఒకే పేజీ యంత్రానికి రోజూ కొత్త పేజీలాగే కనిపిస్తుంది. చదివింది చదివినట్టు వృథా.

యాడ్‌సెన్స్‌కు తెలుగు అర్థమవుతుందా?

2018 నుంచి తెలుగు అధికారికంగా దాని భాషల జాబితాలో ఉంది. అంతకుముందు తెలుగు సైట్ల మీద పడ్డ ప్రకటనలకూ విషయానికీ సంబంధం లేకపోయిందంటే ఆశ్చర్యం లేదు. ఇప్పుడు చదువుతుంది, మన విభక్తులతో కూడా కుస్తీ పట్టగలుగుతుంది. మిరపలో, మిరపకు, మిరపతోట అన్నవన్నీ ఒక గూటి పక్షులేనని చాలావరకు పోల్చుకుంటుంది.

అసలు చిక్కు మనం తెలుగును ఇచ్చే తీరులో ఉంది. ఇది మూడు రకాలు.

మొదటిది పాత ఫాంట్లు. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో టైపు చేసిన మేటరు తెరమీద తెలుగులా కనిపిస్తుంది. లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాల స్థానాలు. ఆ ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థంపర్థం లేని గుర్తుల గుంపు, యంత్రం చదివేది దాన్నే. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లు కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచీ 128 స్థానాల సొంత చోటు ఉంది. పాత మేటరంతా అందులోకి మార్చుకోవాల్సిందే. మార్పిడి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కానీ వత్తుల దగ్గర తప్పులు చేస్తాయి, ఒకసారి చదివి దిద్దుకోవాలి.

రెండోది బొమ్మలు. వాట్సాప్‌లో తిరిగే పోస్టర్లలా మొత్తం వ్యాసాన్ని ఫొటోగా పెట్టేస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. పేజీలో అక్షరాల రూపంలో ఉన్నది మాత్రం మెనూ, కింద చిరునామా, అంతే. ఇక యంత్రం దేన్ని పట్టుకుని ప్రకటన వెతకాలి?

మూడోది ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే తెలుగు. ఎవరి స్పెల్లింగ్ వాళ్లదే, మిరపకాయను నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. ఇది ఏ భాషో తేల్చుకోవడమే యంత్రానికి కష్టం. వెతికేవాళ్లకు దొరకాలని ఒకటి రెండు చోట్ల అలా రాస్తే రాయండి, వ్యాసం మాత్రం తెలుగు లిపిలోనే ఉండనివ్వండి.

పరీక్షించుకోవడానికి ఒక నిమిషం చాలు. పేజీ తెరిచి, కంట్రోల్‌తో పాటు ఎఫ్ నొక్కి, యూనికోడ్‌లో 'మిరప' అని టైపు చేసి వెతకండి. మాట కళ్లముందే కనిపిస్తున్నా దొరకలేదంటే అది బొమ్మో, పాత ఫాంటో.

పేజీ ఎలా రాస్తే యంత్రానికి విషయం అందుతుంది?

రెండు రకాలుగా రాసి చూద్దాం. విషయం ఒకటే: 2021-22 సీజన్‌లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు.

మొదటి రకం. శీర్షిక: 'రైతన్న కంట కన్నీరే మిగిలింది!' మొదటి పేరా: 'ఆరుగాలం శ్రమించిన రైతు ఆశలు అడియాసలయ్యాయి. అప్పు తెచ్చి పెట్టిన పెట్టుబడి నేలపాలైంది. మందు కొట్టీ కొట్టీ విసిగిపోయిన రైతులు దిక్కుతోచక తోటలు పీకేస్తున్నారు.'

మనిషికి ఇది వెంటనే అర్థమవుతుంది. యంత్రం కళ్లతో చూడండి. మిరప అన్న మాటే లేదు. పురుగు లేదు. కన్నీరు ఉంది, అప్పు ఉంది, మందు కొట్టడం ఉంది. అప్పును చూసి లోన్ యాప్ ప్రకటన వస్తే తప్పెవరిది? మందు అన్నది ఆస్పత్రిదా, పొలానిదా, వైన్ షాపుదా అన్నది చుట్టూ ఉన్న మాటల్ని బట్టి తేలాలి, ఇక్కడ ఆ ఆధారం లేదు. పైగా విషాదం ధ్వనించే పేజీలకు చాలా కంపెనీలు ముందే దూరం జరుగుతాయి.

రెండో రకం. శీర్షిక: 'మిరపలో నల్ల తామర పురుగు: లక్షణాలు, నివారణ'. మొదటి పేరా: 'నల్ల తామర పురుగు మిరప పూలలో చేరి రసం పీలుస్తుంది. పూత రాలిపోయి కాయ నిలవదు. తోటలో నీలి రంగు జిగురు అట్టలు కట్టుకోవడం, వేపనూనె పిచికారీ, ఒకే పురుగుమందును పదేపదే వాడకుండా ఉండటం నష్టాన్ని తగ్గిస్తాయి.'

పంట పేరు, పురుగు పేరు, లక్షణం, వాడే వస్తువులు అన్నీ మొదటి మూడు వాక్యాల్లోనే వచ్చేశాయి. 'మందు' కాస్తా 'పురుగుమందు' అయింది. జిగురు అట్టలు అమ్మేవాళ్లకు, వేపనూనె అమ్మేవాళ్లకు ఇది సరైన చోటని తెలియడానికి ఇంకేం కావాలి?

కన్నీళ్ల కథనం రాయొద్దని కాదు. అది రాయాల్సిందే, కానీ దాని పేజీ దానిది. సాగు సలహా, రైతు గోడు, ఎండుమిర్చి ధర మూడూ ఒకే పేజీలో కలిపి వండితే మూడింటికీ న్యాయం జరగదు. ఇంకో చిన్న సంగతి: సాగు పుస్తకాల్లో మిరప అంటారు, గుంటూరు యార్డులో మిర్చి అంటారు. రెండూ మీ పేజీలో సహజంగా దొర్లనివ్వండి.

కీవర్డ్‌లు ఎన్నిసార్లు వాడాలి?

లెక్కేమీ లేదు. లెక్క చెప్పేవాళ్లను నమ్మకండి. ఖరీదైన ప్రకటనలు వస్తాయని ఇన్సూరెన్స్, లోన్, క్రెడిట్ కార్డ్ లాంటి మాటలను పేజీ అడుగున తెల్ల రంగులో దాచిపెట్టే పాత జిత్తులు ఇంకా కొందరు అమ్ముతున్నారు. ఇంగ్లిష్ ఫైనాన్స్ సైట్లకు వచ్చే రేట్లు చూసి మనం ఆ మాటలు తగిలించుకోవడం పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే. నిబంధనలకు విరుద్ధం కూడా, ఖాతా పోతే తిరిగి రావడం గగనం.

వ్యాసాల్లో ప్రకటనలు బాగానే వస్తున్నాయి, హోమ్ పేజీలో మాత్రం ఏవేవో వస్తున్నాయి. ఎందుకు?

అక్కడ మిరప ఉంది, వాతావరణం ఉంది, సినిమా వార్త ఉంది, రాశిఫలాలు ఉన్నాయి. ఏది అసలు విషయమో మీరైనా చెప్పగలరా? హోమ్ పేజీని ఇలా వదిలేయడమే మంచిది, దాని మీద కుస్తీ పట్టడం కాలయాపన. ఆ శ్రమేదో విభాగాల పేజీల మీద పెట్టండి. 'మిరప సాగు' విభాగం పేజీ పైన నాలుగైదు వాక్యాల పరిచయం రాసి, కింద ఆ వ్యాసాలే ఉంచితే అది కూడా మంచి పేజీ అవుతుంది.

వ్యాసం పేజీల్లో కూడా పక్కన 'తాజా వార్తలు' అని ముప్పై శీర్షికలు వేలాడదీసేవాళ్లున్నారు. వ్యాసం రెండు పేరాలుండి, పక్క జాబితా దానికి రెట్టింపు ఉంటే పేజీలో మెజారిటీ దానిదే. జాబితాను కుదించండి, లేదా అదే విభాగానికి చెందిన శీర్షికలే వచ్చేలా పెట్టండి.

పేజీలో ఫలానా భాగాన్నే చదవమని గుర్తులు పెట్టవచ్చని విన్నాం, నిజమేనా?

యాడ్‌సెన్స్ తొలినాళ్లలో ఉండేది. కోడ్‌లో ప్రారంభం, ముగింపు అని గుర్తులు పెట్టి మధ్యలో ఉన్నదే ముఖ్యం అని చెప్పేవారు, దాన్ని సెక్షన్ టార్గెటింగ్ అనేవారు. ఇప్పుడు దాని మీద ఆశ పెట్టుకోవద్దు. శీర్షికను హెడ్డింగ్ ట్యాగులో, వ్యాసాన్ని ఆర్టికల్ ట్యాగులో, మెనూను నావ్ ట్యాగులో ఉంచడం, పేజీ భాష తెలుగు అని కోడ్‌లో చెప్పడం... ఈ మాత్రం శుభ్రత చాలు.

ఆటో యాడ్స్ మంచివా, మనమే చోటు చూసి పెట్టుకోవడం మంచిదా?

ఆటో యాడ్స్ అంటే పేజీలో ప్రకటనల చోట్లను గూగులే ఎంచుకునే పద్ధతి. ప్రకటన ఎక్కడ రావాలన్నది వేరు, ఏది రావాలన్నది వేరు. మన ప్రశ్న రెండోది. ఆటో యాడ్స్ ఆపినంత మాత్రాన పొంతన పెరగదు. ఒక వాక్యానికి ఒక ప్రకటన చొప్పున దూరుతుంటే మాత్రం తగ్గించండి, చదివేవాళ్లు పారిపోయాక పొంతన ఉండి ఏం లాభం?

అక్కర్లేని ప్రకటనలు రాకుండా ఆపవచ్చా?

ఆపవచ్చు. యాడ్‌సెన్స్‌లో బ్రాండ్ సేఫ్టీ విభాగంలోకి వెళితే మొత్తం కేటగిరీలనే ఆపే ఏర్పాటు ఉంది. జ్యోతిషం, చేతబడి లాంటివి, డేటింగ్, త్వరగా ధనవంతులయ్యే పథకాలు, బరువు తగ్గించే మందులు, రాజకీయాలు 'సున్నిత' కేటగిరీల్లో ఉంటాయి. ఫలానా కంపెనీ వెబ్ చిరునామా ఇచ్చి దాన్నొక్కదాన్నే ఆపవచ్చు. యాడ్ రివ్యూ సెంటర్‌లో మీ సైట్లో పడ్డ ప్రకటనలను ఒక్కొక్కటిగా చూసి తీసేయవచ్చు. తెలుగు సైట్లకు వశీకరణం, స్త్రీ వశం అంటూ వచ్చే ప్రకటనల బెడద తెలిసిందే, జ్యోతిషం కేటగిరీ ఆపితే చాలావరకు వదులుతుంది. రమ్మీ లాంటి డబ్బు ఆటల సంగతికొస్తే, 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ఆ ఆటలతో పాటు వాటి ప్రకటనలనూ నిషేధించింది.

కానీ కోపంతో కనిపించినదల్లా ఆపుకుంటూ పోవద్దు. ఒకదాన్ని ఆపితే దాని స్థానంలో మిరప ప్రకటన వస్తుందని హామీ లేదు. ఆ చోటు కోసం ప్రకటనదారులు పోటీపడే వేలంలో దాని తర్వాత నిలిచినది వస్తుంది, అంతే. పాఠకులకు చెప్పుకోలేనివి ఆపండి. సంబంధం లేకపోయినా హాని లేనివాటిని వాటి మానాన వదిలేయండి.

బస్సు ప్రమాదం వార్త పక్కన బస్సు టికెట్ల ప్రకటన వచ్చింది. ఇదేం పొంతన?

యంత్రం లెక్కలో ఇది బ్రహ్మాండమైన పొంతన: వార్తలోనూ బస్సు, ప్రకటనలోనూ బస్సు. విషయం కలిసినంత మాత్రాన సందర్భం కలవదని దీన్ని మించి చెప్పే ఉదాహరణ లేదు. పెద్ద కంపెనీలు తమ ప్రకటనలు విషాద వార్తల దగ్గర పడకుండా ముందే జాగ్రత్త పడతాయి, చిన్న ఏజెన్సీలు పడవు. నేర, ప్రమాద వార్తల్లో ప్రకటనలు పలచగా రావడానికి, వచ్చినవి చవకబారుగా ఉండటానికీ కారణం ఇదే. మరణాల వార్తలున్న పేజీల్లో ప్రకటన కోడ్‌నే తీసేయడం మేలు. పోయే ఆదాయం స్వల్పం, మిగిలే మర్యాద పెద్దది.

పేజీ చక్కగా ఉంది, క్రాలర్‌కు అడ్డు లేదు, అయినా మిరప ప్రకటనలు రావడం లేదు.

ఇక్కడ చాలామంది మరిచిపోయేది, ప్రకటన అనేది వేలంలో గెలిచి వస్తుంది. పేజీ తెరుచుకునే లోపే వేలం జరిగిపోతుంది. పొంతన ఒక అంశం, ఎంత పాడారన్నది ఇంకో అంశం. 2021 చివర్లో గూగుల్ యాడ్‌సెన్స్ వేలాన్ని, గెలిచినవాళ్లు తాము పాడిన ధరే కట్టే పద్ధతికి మార్చడం మొదలుపెట్టింది. జిగురు అట్టలు అమ్మే చిన్న వ్యాపారి ఆన్‌లైన్ వేలంలోకే రాకపోవచ్చు. వచ్చినా, దేశమంతటికీ ప్రకటనలు గుప్పించే ఫోన్ కంపెనీతో పోటీ పడలేడు. అంగట్లో లేని సరుకు మీ పేజీలోకి ఎక్కడినుంచి వస్తుంది?

తెలుగులో తయారు చేసిన ప్రకటనలే తక్కువ. అందుకే తెలుగు పేజీలో ఇంగ్లిష్ ప్రకటన కనిపించడం మామూలు. దీనికి మీరు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు, కింద నేరు ప్రకటనల (వ్యాపారుల నుంచి మీరే నేరుగా తీసుకునేవి) ప్రశ్నలో చెప్పింది తప్ప.

కాలం సంగతి కూడా ఉంది. మిరప నారు పోసే జూన్, జులైలో విత్తనాల కంపెనీలు డబ్బు పెడతాయి. కోతలు, యార్డు అమ్మకాలు జోరుగా ఉండే జనవరి తర్వాత కోల్డ్ స్టోరేజీల వంతు. నారు గురించిన వ్యాసం మార్చిలో వేసి విత్తనాల ప్రకటన రాలేదంటే పేజీ తప్పు కాదు.

డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలికి అదే పేజీలో వేరే ప్రకటనలు వస్తున్నాయి.

రావాలి కూడా. పేజీతో పాటు చదివేవాళ్లు ఉన్న చోటు కూడా లెక్కలోకి వస్తుంది. ఆమెకు మిరప పేజీలో భారత్‌కు డబ్బు పంపే సేవలు, అక్కడి ఇంటి రుణాలు కనిపిస్తాయి. యూరప్‌లో, బ్రిటన్‌లో ఉన్నవాళ్ల కథ వేరు. వివరాలు వాడుకోవడానికి అక్కడి పాఠకుల అనుమతి అడిగే పెట్టె పెట్టడం తప్పనిసరి. 2024 జనవరి 16 నుంచి ఆ పెట్టె గూగుల్ ఆమోదించిన సంస్థదే అయి ఉండాలన్న నియమం వచ్చింది. అనుమతి ఇవ్వనివాళ్లకు వ్యక్తిగత ప్రకటనలు రావు, అక్కడ మీ పేజీలోని విషయానికే బలం ఎక్కువ.

కుకీలు పోతున్నాయి కాబట్టి ఇక అన్నీ సందర్భోచిత ప్రకటనలే అన్నారు, ఏమైంది?

కుకీలంటే పాఠకులను గుర్తుపట్టడానికి సైట్లు బ్రౌజర్‌లో ఉంచే చిన్న ఫైళ్లు, వ్యక్తిగత ప్రకటనలు చాలావరకు వాటి మీదే నడుస్తాయి. ఇక ఆ మాట సగమే జరిగింది. సఫారీ 2020లో బయటి సైట్ల కుకీలను పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ అంతకు ముందు ఏడాదే జాడ తీసే కుకీలకు అడ్డుకట్ట వేసింది. క్రోమ్ కూడా ఆపేస్తానని 2020 జనవరిలో ప్రకటించి, వాయిదాల మీద వాయిదాలు వేసి, 2024 జులైలో ఆ ఆలోచన విరమించుకుంది. అందువల్ల ఐఫోన్ పాఠకుల విషయంలో పేజీకి విలువ పెరిగింది, ఆండ్రాయిడ్‌లో క్రోమ్ వాడేవాళ్ల విషయంలో పాత కథే. మన పల్లెల్లో పాఠకులు ఏ ఫోన్లు వాడతారో మీకు తెలుసు.

వ్యక్తిగత ప్రకటనలను పూర్తిగా ఆపేస్తే?

సెట్టింగుల్లో ఆ వీలుంది. ఆపితే పేజీ విషయం, చదివేవాళ్లు ఉన్న ఊరు లాంటి స్థూలమైన వివరాలే మిగులుతాయి, పొంతన పెరుగుతుంది. ఆదాయం తగ్గే అవకాశమే ఎక్కువ. పిల్లల కథలు, బడి పాఠాల సైట్లు నడిపేవాళ్లు మాత్రం డబ్బు లెక్క చూడకుండా ఆపేయడమే సరైనది. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల ప్రవర్తనను వెంటాడటాన్ని, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు వేయడాన్ని కాదంటోంది. పిల్లల కోసం ఉద్దేశించిన సైటు అని యాడ్‌సెన్స్‌కు తెలియజేసే ఏర్పాటూ ఉంది.

స్థానిక వ్యాపారుల నుంచి నేరుగా ప్రకటనలు తీసుకోవచ్చా?

తీసుకోండి. పొంతన విషయంలో దీనికి సాటి వచ్చేది లేదు. గుంటూరు, ఖమ్మం, వరంగల్ మార్కెట్ల చుట్టూ విత్తనాల దుకాణాలు, డ్రిప్ డీలర్లు, నర్సరీలు, కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. వాళ్లకు వేలం, క్లిక్కు, ఇంప్రెషన్ అని చెబితే తల తిరుగుతుంది. 'మిరప పేజీలన్నిటిలో పైన మీ బోర్డు, జూన్ నుంచి ఆగస్టు దాకా, నెలకు ఇంత' అని చెబితే అర్థమవుతుంది. నెల తిరిగాక ఎంతమంది చూశారో, ఎన్ని ఫోన్లు వెళ్లాయో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. రెండో సీజన్‌కు వాళ్లే అడుగుతారు.

పాటించాల్సినవి: పైన 'ప్రకటన' అని స్పష్టంగా రాయాలి. డబ్బు తీసుకుని ఇచ్చే లింకుకు కోడ్‌లో 'స్పాన్సర్డ్' అన్న గుర్తు పెట్టాలి, గూగుల్ 2019లో తెచ్చిన పద్ధతి ఇది. పురుగుమందు ప్రకటన తీసుకుని, అదే మందును వ్యాసంలో సిఫారసు చేసే పని మాత్రం పెట్టుకోవద్దు. పంట పోతే రైతు మిమ్మల్నే అడుగుతాడు.

నేరు ప్రకటనలు పదీ ఇరవై అయ్యాక గూగుల్ యాడ్ మేనేజర్ వైపు చూడవచ్చు. అందులో ప్రతి పేజీకీ 'పంట: మిరప', 'దశ: నారు' అని మీరే చీటీ అంటించి, ఆ చీటీ ఉన్న పేజీల్లోనే ఫలానా ప్రకటన వచ్చేలా పెట్టుకోవచ్చు. ఇక్కడ యంత్రం ఊహించాల్సిన పని లేదు.

'ఈ ప్రకటనలు చూడండి' అని పాఠకులకు చెప్పవచ్చా?

వద్దు. క్లిక్ చేయమని అడగడం, బాణం గుర్తులు పెట్టడం, 'మాకు సాయం చేయండి' అనడం, ప్రకటన పైన 'ఉపయోగకరమైన లింకులు' అని రాయడం అన్నీ నిషిద్ధమే. 'ప్రకటనలు' అని గానీ 'స్పాన్సర్డ్ లింకులు' అని గానీ రాయవచ్చు.

పొంతన పెరిగితే ఆదాయం పెరుగుతుందా?

పెరగొచ్చు, కానీ లెక్క ఇదివరకటిలా లేదు. 2023 నవంబరులో ప్రకటించి, 2024 మొదట్లో యాడ్‌సెన్స్ క్లిక్కుల లెక్క నుంచి ఇంప్రెషన్ల లెక్కకు మారింది. అంటే ప్రకటన కనిపించినందుకే చెల్లింపు. ప్రకటనలు కొనే సంస్థ తన రుసుము తీసుకున్నాక మిగిలినదాంట్లో 80 శాతం పబ్లిషర్‌కు వస్తుంది. గూగుల్ ద్వారానే కొన్నప్పుడు మొత్తం మీద చూస్తే అది దాదాపు పాత 68 శాతమే. క్లిక్కులు ఎక్కువ వచ్చే పేజీకి ప్రకటనదారులు కాలక్రమంలో ఎక్కువ పాడతారు కాబట్టి పొంతన ప్రభావం ఉంటుంది, కాకపోతే చుట్టుతిరుగుడుగా. నేరు ప్రకటనలు ఇచ్చే వ్యాపారి దగ్గర మాత్రం వెంటనే కనిపిస్తుంది.

మార్పులు చేశాక మెరుగైందో లేదో ఎలా తేల్చుకోవాలి?

అన్ని పేజీలూ ఒకేసారి మార్చేస్తే ఏం పనిచేసిందో తెలియదు. ఒకే విషయం మీద, ఇంచుమించు ఒకే రద్దీ ఉన్న కొన్ని పేజీలు తీసుకుని, సగం పేజీల్లో శీర్షిక, మొదటి పేరా, పక్క జాబితా సరిచేసి మిగతా సగం ముట్టుకోకుండా ఉంచండి. రెండు గుంపులకూ యాడ్‌సెన్స్‌లో వేర్వేరు యూఆర్ఎల్ ఛానళ్లు (ఫలానా చిరునామాల లెక్కను విడిగా చూపే ఏర్పాటు) పెట్టుకుని, టార్గెటింగ్ టైప్ విభజనలో పేజీని బట్టి వచ్చే ప్రకటనల వాటా ఎటు కదిలిందో, పేజీ ఆర్పీఎం (పేజీ వెయ్యిసార్లు చూసినందుకు వచ్చే ఆదాయం) ఎలా ఉందో పోల్చండి. దసరా నుంచి దీపావళి దాకా ప్రకటనల రేట్లు ఎలాగూ పైకి లేస్తాయి, ఆ రోజుల అంకెలు చూసి సంబరపడొద్దు. నెల రోజులైనా ఆగాలి. రోజుకు యాభై మంది కూడా రాని పేజీ అయితే సీజన్ మొత్తం ఆగినా అంకెలు ఏమీ చెప్పవు. అలాంటి పేజీకి శీర్షిక సరిచేసి, పక్క పేజీ పనిలో పడండి.